పిండి సంచుల పెళ్లి గౌను

కెల్మెన్ దీవి, ఆచావో తపాలా
4 జూలై 1982

శ్రీమతి ఎల్సీరా ఒల్గీన్ గారికి,

నమస్కారాలు. నేను మీకు తెలియను. నొల్బెర్తో తల్లిని. పేరు ఉబెర్లిందా చిగ్వాయ్. మీ అమ్మాయి మారిత్సా మా దీవి బడికి పంతులమ్మగా వచ్చి రెండేళ్లయింది. మా వాడూ ఆమే పెళ్లి చేసుకోవాలనుకున్న సంగతి ఆమె మీకు రాసే ఉంటుంది. ఇలాంటి కబురు మగపెళ్లివారి నుంచి రావడం మర్యాద కనుక నేనూ రాస్తున్నాను.

మా దీవికి ఫాదర్ ఏడాదికి రెండుసార్లే వస్తారు. ఈ ఆగస్టుకి ఏర్పాట్లు చేసే వ్యవధి లేదు, వచ్చే ఫిబ్రవరి పన్నెండు, శనివారం వస్తారు. ఆ తర్వాత మళ్లీ ఆగస్టే. మార్చిలో నొల్బెర్తో దక్షిణాన పుంతా అరేనాస్‌లో పడవలు కట్టే పనికి పోవాలి. అందుకని ఫిబ్రవరిలో తప్ప వీలు లేదు.

దాపరికం లేకుండా చెబుతాను. మా దగ్గర డబ్బు లేదు. బంగాళాదుంపలున్నాయి, రెండు గొర్రెలున్నాయి, తోటలో ఆపిల్స్ కాస్తాయి గనక ఆపిల్ కల్లుకు లోటుండదు. గుల్లలు సముద్రం ఇస్తుంది. మిగతావి మా చేతులతో చేసుకుంటాం.

ఒక్క విషయం. మా వైపు పెళ్లికూతురు తల్లి పెళ్లి గౌనే తొడుక్కుంటుంది. మా అమ్మది నేను తొడుక్కున్నాను. మీది పంపితే ఇక్కడ సరిచేయించుకుంటాం.

మీవారికి కూడా నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు
ఉబెర్లిందా చిగ్వాయ్


వల్పరాయిసో, కోర్దియేరా కొండ
25 జూలై 1982

శ్రీమతి ఉబెర్లిందా గారికి,

మీ ఉత్తరం అందింది. సంతోషం. మారిత్సా నాకు ఒక్కతే కూతురు. మీ అబ్బాయి గురించి రాసినప్పుడల్లా దాని అక్షరాలు కాస్త పెద్దవవుతాయి. అది చూసే నాకు సంగతి తెలిసిపోయింది.

పెళ్లి ఇక్కడ, మా గుడిలో, హాలు తీసుకుని చేయాలని నా మనసులో ఉండేది. కానీ ఫాదర్ రాకపోకలు, అబ్బాయి ప్రయాణం, అన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి గనక మీ దీవిలోనే కానివ్వండి. ఈ ఏడు ఇక్కడా పనులు లేవు. కొండ మీద సగం ఇళ్లలో మగవాళ్లు గుమ్మాల్లో కూర్చుంటున్నారు. నాకు మాత్రం పెళ్లి గౌన్లు అద్దెకిచ్చే కొట్లో కుట్టుపని ఉంది. ఇరవై రెండేళ్లుగా అక్కడే.

నా పెళ్లి గౌను పంపలేను. పురుగు కొట్టేసింది. బాధగా ఉంది కానీ ఏం చేస్తాం.

మావారు ఓడ మీద ఉన్నారు. పెళ్లికి రావడం వీలుపడకపోవచ్చు. నేను ఒక్కదాన్నే వస్తాను.

ఇట్లు
ఎల్సీరా ఒల్గీన్


కెల్మెన్ దీవి
22 ఆగస్టు 1982

వదినగారికి,

ఇకపై ఇలాగే పిలుస్తాను. మీకు అభ్యంతరమైతే రాయండి.

గౌను సంగతి చదివి నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను. మా అమ్మ గౌనుకి అంచున చిరుగు పడితేనే నేను రెండు రోజులు అన్నం తినలేదు. పోనీ, పురుగు తిన్నంత మేర తీసేసి మిగిలింది పంపండి. చేతులకో మెడకో పనికొస్తుంది. మిగతాదానికి ఈ పార్సెల్‌లో బట్ట పెట్టాను. పిండి సంచులు. నూలు మంచిది, గట్టిది. విప్పి, ఉడకబెట్టి, నెల రోజులు రాత్రి మంచులోనూ పగటి ఎండలోనూ గడ్డి మీద పరిచి తెల్లబరిచాను. మా దీవిలో ఆడవాళ్ల లోపావడాలన్నీ ఈ బట్టవే.

ఇక్కడ పనులు మొదలయ్యాయి. ఉంగరాలు నొల్బెర్తోనే చేస్తున్నాడు, పడవల రాగి మేకులు సాగగొట్టి. "వేలు పచ్చబడుతుందిరా" అంటే, "పచ్చబడితే కడుక్కుంటుంది, దానికి సబ్బు కూడా నేనే కొనిస్తాను" అన్నాడు. మీ అమ్మాయి పక్కనే ఉండి నవ్వుతోంది. పిలుపు చీటీలు బడిలో పాత నోటుపుస్తకాల అట్టలు కత్తిరించి తనే రాస్తోంది.

మీ ఉబెర్లిందా


వల్పరాయిసో
19 సెప్టెంబరు 1982

వదినగారికి,

పార్సెల్ అందింది. మీరు శ్రమపడ్డారు, తెలుసు. కానీ నేను మనసులో మాట రాయకపోతే తప్పవుతుంది. నా కూతురు పిండి సంచులు తొడుక్కుని పెళ్లిపీట ఎక్కుతుందా? నేను ఊళ్లో వాళ్లందరి కూతుళ్లకూ శాటిన్ కుడుతున్నాను. ఒక సంచి మీద నీలం కోడిపుంజు బొమ్మ ఇంకా పోనేలేదు. దాని కింద మిల్లు పేరు కూడా చదవొచ్చు.

మా యజమానురాలిని అడిగి కొట్లోంచి ఒక గౌను తెస్తాను. పెళ్లయ్యాక తిరిగిచ్చేస్తే సరిపోతుంది.

నా గౌను మిగిలిన ముక్కలు పంపమన్నారు. ముక్కలు కూడా లేవు. డెబ్బై ఒకటిలో భూకంపానికి గోడ కూలి పెట్టె మీద పడింది. అన్నీ మట్టిలో కలిశాయి.

ఉంగరాల సంగతి చదివి నవ్వుకున్నాను.

ఎల్సీరా


కెల్మెన్ దీవి
16 అక్టోబరు 1982

ఎల్సీరా గారికి,

జూలైలో పురుగు కొట్టింది. సెప్టెంబరులో గోడ కూలింది. ఆ గౌనుకి ఇన్ని ఆపదలు ఎలా వచ్చాయో నాకు అర్థం కాలేదు.

పెళ్లి పత్రాలు సిద్ధం చేయాలి. అమ్మాయి జ్ఞానస్నానం కాగితం కావాలి. మీ దంపతుల పెళ్లి కాగితం కూడా కావాలి. డిసెంబరులోగా అందేలా పంపండి.

అద్దె గౌను మా దీవికి వద్దు. తీసుకురావద్దు.

ఉబెర్లిందా చిగ్వాయ్


వల్పరాయిసో
7 నవంబరు 1982

ఉబెర్లిందా గారికి,

ఇందులో ఒక్క కాగితమే పెట్టాను, మారిత్సా జ్ఞానస్నానానిది. రెండోది లేదు. పోలేదు, ఎన్నడూ లేదు.

"మావారు" అని మీకు రాసిన మనిషి ఓడలో బొగ్గు వేసేవాడు. ఒక్క ప్రయాణం అయ్యాక పెళ్లి చేసుకుందాం అన్నాడు. నేను కడుపుతో ఉన్నాను. తిరిగొచ్చాడు, పిల్లకి తన ఇంటిపేరు ఇచ్చాడు, అంతవరకూ మాట తప్పలేదు. తల్కావానోలో అతనికి భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారని అప్పుడు తెలిసింది. మళ్లీ అతనికి నేను తలుపు తీయలేదు. ఇదంతా ఇరవై ఆరేళ్ల కిందటి మాట.

మారిత్సాకి అంతా తెలుసు. ఎవరికీ చెప్పొద్దని దానికి చిన్నప్పుడే ఒట్టు పెట్టించాను. మీ అబ్బాయికి కూడా చెప్పి ఉండదు. అది తప్పయితే ఆ తప్పు నాది, పిల్లది కాదు.

మా కొట్లో గౌన్లు తొడిగి చూసే బొమ్మ ఎప్పుడో విరిగిపోయింది. కొత్తది కొనడం ఎందుకని, అంచు సరిచేయాల్సినప్పుడల్లా మా యజమానురాలు నన్నే తొడుక్కుని స్టూలు మీద నిలబడమంటుంది. గుండుసూదులు పెట్టేదాకా కదలకూడదు. ఈ ఊళ్లో సగం పెళ్లికూతుళ్ల గౌన్లు ముందు నా ఒంటి మీద నిలబడ్డవే. మీ మొదటి ఉత్తరంలో "మీ పెళ్లి గౌను" అని చదవగానే నా చెయ్యి తనంతట తనే పురుగు అని రాసేసింది.

మీరు భక్తి గలవారని మారిత్సా రాసింది. మీ నిర్ణయం ఏదైనా ముందు నాకు రాయండి. పిల్లకి నేను చెప్పుకుంటాను.

ఎల్సీరా


కెల్మెన్ దీవి
18 డిసెంబరు 1982

వదినా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్లూ జవాబు రాయలేదంటే కోపంతోనే రాయలేదు. ఆ కోపం ఎందుకో చెబుతాను, వేరే విధంగా అనుకుంటావేమో.

పెళ్లి కాకుండా పిల్లని కన్నందుకు కాదు. ఈ దీవిలో గొర్రెల లెక్క తేలినంత సులువుగా అలాంటి లెక్క తేలదు, తేల్చాలని ఎవరికీ సరదా లేదు. నా కోపమంతా ఆ పురుగు మీద. లేని గౌను కోసం నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను వదినా. మా ఆడపడుచు ఎడెల్మీరా వచ్చి "ఎవరు పోయారు?" అని అడిగింది. గౌను పోయిందన్నాను. అది ఇల్లంతా నవ్వుకుంటూ తిరిగింది. నీ వల్ల నేను నవ్వులపాలయ్యాను.

కాగితం సంగతి ఫాదర్‌తో నేను చూసుకుంటాను. దాని గురించి మళ్లీ రాయకు.

మారిత్సాని పిలిచి "మీ అమ్మ నాకు అంతా రాసింది" అన్నాను. గోడకి ఆనుకుంది. తర్వాత, "అయితే ఇక నేను నొల్బెర్తోకి చెప్పొచ్చా?" అంది. చెప్పింది. వాడు రంపం కింద పెట్టి, "మరి గుడిలోకి నిన్ను ఎవరు నడిపిస్తారు?" అని మాత్రం అడిగాడు. ఎడెల్మీరా, మగవాడే నడిపించాలి, కావాలంటే మా ఆయన ఉన్నాడు అంటోంది. వాళ్లాయనది నత్తనడక, పొద్దున బయలుదేరితే గుడిదాకా వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. నువ్వే నడిపించు.

భోజనాల బల్లలు లేవు కదా అని బెంగపడ్డాను. ఇంటింటికీ ఒక తలుపు ఊడదీసి, పీపాల మీద పరుద్దాం అనుకున్నాం. పదకొండు తలుపులు తేలాయి. ఆ రోజు దీవిలో తలుపున్న ఇల్లు గుడి ఒక్కటే. కంచం, చెంచా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలని చీటీల్లో రాయించాను. గుడికి కాగితం పూలు కావాలి. మావి వానకి రంగు వెలిసిపోయాయి.

బట్ట ఇంకా నీ దగ్గరే ఉందా, పారేశావా?

ఉబెర్లిందా


వల్పరాయిసో
9 జనవరి 1983

వదినా,

పారేయలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజే కత్తెర పెట్టాను.

ఆ బట్టని నేను తక్కువగా చూశాను. తప్పు. శాటిన్ సూది కింద జారిపోతుంది, ఇది మాట వింటుంది. చేతులకీ అంచుకీ దారాలు లాగి జాలీ పని చేస్తున్నాను. జానెడు మేర చేయడానికి ఒక సాయంత్రం పడుతుంది. శాటిన్ మీద ఈ పని చేయలేం, దారం తెగిపోతుంది. ఆ కోడిపుంజు ఎంత ఉతికినా పోలేదు గనక లోపలి వైపు నడుం దగ్గర వచ్చేలా పెట్టాను. ఎవరికీ కనపడదు, మారిత్సాకి మాత్రం తెలుస్తుంది. అది చూసి నవ్వకుండా పెళ్లంతా ఎలా ఉంటుందో చూడాలి.

కాగితం పూలు రెండు వందలు అయ్యాయి. మా మెట్లదారిలో ఉండే ఆడవాళ్లు నలుగురు వచ్చి కూర్చుంటున్నారు. ఎర్రవి సరిపోక ఒకావిడ తన దీపానికి గొడుగులా కట్టిన ఎర్ర కాగితం కూడా చించి ఇచ్చింది.

మొన్న గౌను ఒక కొలిక్కి వచ్చాక అంచు చూసుకోవడానికి అలవాటుగా తొడుక్కుని స్టూలెక్కాను. మారిత్సా నాకంటే పొడుగు, అయినా తొడుక్కున్నాను. కాసేపు దిగలేదు.

నేను నడిపిస్తాను. నడక మర్చిపోకుండా ఉంటే చాలు.

ఎనిమిదో తారీఖున రైలెక్కుతాను. పదకొండుకి ఆచావో చేరాలి.

ఎల్సీరా


కెల్మెన్ దీవి
13 మార్చి 1983

వదినా,

నువ్వు క్షేమంగా చేరినట్టు రేడియో కబురు విన్నాం. నొల్బెర్తో మొన్న పడవెక్కాడు. మారిత్సా రేవులో ఏడవలేదు, బడికి వెళ్లి పిల్లల మీద అరిచింది.

నువ్వు ఇక్కడున్న వారం రోజులూ చెప్పాలనుకుని చెప్పలేకపోయినవి రెండున్నాయి. ఎదురుగా ఉంటే నా నోరు పెగలదు. కాగితం నయం.

మొదటిది, పెళ్లిరోజు సంగతి. ఉత్తరపు గాలి లేచి, నువ్వు దారిలో దాల్కావే రేవులోనే చిక్కుపడిపోయావని పొద్దున రేడియోలో చదివారు. "కెల్మెన్‌లో ఉబెర్లిందా చిగ్వాయ్ గారికి: పడవలు కట్టేశారు, గౌను తడవలేదు, ఎల్సీరా." దీవంతా విన్నది. ఫాదర్ మాత్రం ఆటుకి ముందే తొమ్మిదింటికి వచ్చేశారు. పదకొండున్నర దాటింది, పన్నెండైంది. ఆయన గడియారం చూస్తున్నారు. పక్క దీవిలో సాయంత్రం మరో పూజ ఉందట. "గౌను లేకపోతే పెళ్లి ఆగుతుందా అమ్మా, ఉన్న బట్టల్లోనే కానిద్దాం" అన్నారు. మారిత్సా బడి గౌనులో గుడిమెట్ల మీద కూర్చుని ఉంది. "గౌను లేకపోయినా ఫర్వాలేదు ఫాదర్. మా అమ్మ లేకుండా లేవను" అంది. గట్టిగా కూడా అనలేదు.

అప్పుడే ఎడెల్మీరా, నలుగురూ వినేట్టు, "ఆవిడ రాదులే. ఏ మొహంతో వస్తుంది, కూతుర్ని ఎవరి పక్కన నిలబడి అప్పగిస్తుంది" అంది. దానికి ఎలా తెలిసిందో నాకు తెలియదు. నేను దాని దగ్గరికి వెళ్లి, "వస్తుంది. మనందరి ముందూ ఒంటరిగా నడుస్తుంది. నువ్వూ నేనూ ఒక్క రోజైనా అలా నడిచామా? ఇప్పుడు వెళ్లి దుంపలు తరుగు" అన్నాను. వెళ్లి తరిగింది. ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు.

ఫాదర్ పడవ నీళ్లు తగ్గాక బురదలో కూర్చుండిపోయిందని అందరూ అనుకున్నారు కదా. దానంతటదే కూర్చోలేదు. పొద్దున రేడియో కబురు వినగానే నేను రేవుకి పోయి, పడవ నడిపే అతనితో, "గాలి ఎక్కువగా ఉంది నాయనా, లోపలి పాయలో కట్టుకో, అక్కడ అలలుండవు" అన్నాను. అలలుండవన్నది నిజమే. పోటు తీస్తే నీళ్లు కూడా ఉండవు. అతను పై ఊరి మనిషి, తెలియదు. మధ్యాహ్నానికి పడవ పక్కకి ఒరిగి బురదలో పడుకుంది. ఫాదర్ గట్టు మీద నిలబడి చాలాసేపు దానికేసి చూశారు. నా కేసి కూడా చూశారు. "ఇక సాయంత్రం పోటు వచ్చేదాకా ఇంతేనా?" అన్నారు. "సముద్రం మన చేతిలో లేదు కదా ఫాదర్, కాస్త ఆపిల్ కల్లు పుచ్చుకోండి" అన్నాను. పుచ్చుకున్నారు.

నాలుగింటికి గాలి తగ్గి, నువ్వు చేపల పడవలోంచి దూరాన దిగి, గౌను మూట నెత్తిన పెట్టుకుని, మోకాళ్లదాకా బురదలో నడుచుకుంటూ వస్తుంటే మారిత్సా మెట్లు దిగి పరుగెత్తింది. నేను మాత్రం గుల్లలూ మాంసమూ వేడి రాళ్ల మీద ఉడికే కురాంతో గొయ్యి దగ్గరే ఉండిపోయాను. వచ్చి నీ చెయ్యి పట్టుకోలేదని నువ్వు అనుకుని ఉంటావు. మొహం దాచుకోవడానికి గొయ్యి మీద కప్పిన ఆకులే మళ్లీ మళ్లీ సర్దుతున్నాను వదినా.

రెండోది చెప్పడం ఇంకా కష్టం. నీ పెళ్లి కాగితం ఫాదర్ అడగలేదు. ఆయనకి పిల్ల కాగితం ఒక్కటే చాలు. అడిగింది నేను. అసలు నాకు ఈ పెళ్లే ఇష్టం లేదు. చదువుకున్న పట్నం పిల్ల, నాలుగు రోజుల్లో వాణ్ని వల్పరాయిసో లాక్కుపోతుంది, ఈ ఇంట్లో నేనొక్కదాన్నీ మిగులుతానని భయం. తల్లి గౌను మాట కూడా అందుకే రాశాను. మా వైపు అలాంటి ఆచారం ఏదీ లేదు. మా అమ్మ గౌను నేను తొడుక్కున్నది కొనలేక. ఏదో ఒకటి అడుగుతూ పోతే నువ్వు చిరాకుపడి మీ పిల్లని వెనక్కి పిలుచుకుంటావనుకున్నాను. నవంబరులో నీ ఉత్తరం వచ్చాక ఆ మూడు వారాలూ నాకు నీ మీద కోపం సగమే. మిగతా సగం ఎవరి మీదో నీకు తెలుస్తుంది.

దీనికి నువ్వేం రాసినా చదువుతాను.

మా దక్షిణాన అప్పుడే చలి మొదలైంది. పగలంతా మారిత్సా బడిలో ఉంటుంది. ఆ జాలీ పని చూసిన దగ్గర్నుంచి దీవిలో ఆడపిల్లలు "మీ వియ్యపురాలు మళ్లీ ఎప్పుడొస్తుంది, మాకు నేర్పుతుందా" అని ప్రాణం తీస్తున్నారు. కిటికీ పక్క గది ఖాళీగానే ఉంది. నీ కుట్టుమిషను పడవలో పట్టేంతదేనా?

ఉబెర్లిందా


వల్పరాయిసో
10 ఏప్రిల్ 1983

ఉబెర్లిందా,

నీ ఉత్తరం చదివి లేచి కొండ దిగి రేవుదాకా నడిచి మళ్లీ ఎక్కి వచ్చాను. కోపం వచ్చింది. ఆ కాగితం మాట చదివినప్పుడు అక్టోబరులో నాలుగు రోజులు నేను ముద్ద మింగలేదు. అది నీకు తెలియాలని రాస్తున్నాను, దెప్పడానికి కాదు. దెప్పాలన్నా నీ ముందు నేనేం నిజాలు రాశానని.

తర్వాత పడవ బురదలో పడుకున్న చోటు మళ్లీ చదివాను. గట్టిగా నవ్వొచ్చింది. కింద ఇంటావిడ పైకొచ్చి ఏమైందని అడిగింది. మా వియ్యపురాలు ఫాదర్‌ని సముద్రంలో కట్టేసిందని చెప్పాను. అర్థం కాలేదు పాపం.

నేనూ ఒకటి దాచాను. జనవరిలో నీకు ఉత్తరం రాసిన వారానికే కొట్టు మూసేశారు. పెళ్లి ముందు ఎందుకని చెప్పలేదు, అక్కడికి వచ్చాక నీ వంటింట్లో కూర్చుంటే ఆ మాటే గుర్తు రాలేదు. ఇప్పుడు పొద్దున్నే లేచి, ఎక్కడికి పోవాలో తోచక, మెట్లు ఊడుస్తున్నాను. మా మెట్లు అంత శుభ్రంగా ఎన్నడూ లేవు.

గుడిలో నడిచేటప్పుడు మారిత్సా నా చెవిలో, "అమ్మా, నీ కాళ్లు ఇంకా బురదే" అంది. చూసుకున్నాను. బురదే. కడుక్కోవడం ఎవరికీ గుర్తు రాలేదు. అందరూ చూస్తున్నారని తెలిసి కూడా నాకు సిగ్గేయలేదు. అలా సిగ్గేయకుండా నడవడం అదే మొదలు.

మిషను కొలిచాను. కాళ్లు విప్పి విడిగా కట్టిస్తే నడుం ఎత్తు కూడా రాదు. దాల్కావే పడవవాళ్లని కనుక్కున్నాను, గొర్రె కంటే తక్కువ చోటు పడుతుందన్నారు. మే ఇరవైన బయలుదేరతాను. పోటు ఎన్నింటికో చూసి రేడియోలో చెప్పించు.

ఎల్సీరా